తాలు

శౌరమ్మకి ఈ నడక కొత్త.
చెప్పులు విప్పి బెల్టు పక్కన పెట్టింది,
చర్చి గడప దగ్గర పెట్టినట్టు, రెండూ ఒకే వైపు తిప్పి.
పైన మేమిచ్చిన ఆకుపచ్చ చొక్కా, కింద ఆవిడ చీర.
కుచ్చిళ్లు ఎగదోపుకుంది.
"ఎటు పోవాలమ్మా?"
ఎటూ పోనక్కర్లేదు, నడిస్తే చాలన్నాను
ఛాతీ మీద పదో వైరు అంటిస్తూ.

కొత్తపేటలో మా ల్యాబు మూడో అంతస్తు.
లిఫ్టు ఉన్నా మెట్లెక్కే వచ్చింది,
మధ్యలో రెండు సార్లు కూర్చుని.
"ఘాటమ్మా. ముప్పై ఏళ్ల ఘాటు, లోపల పేరుకుపోయింది."
మిర్చి యార్డులో తొడిమలు తీసేవాళ్లకి
దగ్గుకీ, ఆయాసానికీ,
రాత్రి మూడు దిళ్లు పేర్చుకుని పడుకోవడానికీ
జవాబు ఒక్కటే.
చిన్నప్పుడు కీళ్లు వాచి నెలరోజులు మంచాన పడ్డ సంగతి
డాక్టరు గుచ్చి గుచ్చి అడిగితే గాని గుర్తు రాలేదు.

పడుకోబెట్టి తీసిన బొమ్మలో పెద్దగా ఏమీ లేదు.
కవాటం కాస్త మందం, కాస్త వెనక్కి కారడం.
ఓ మోస్తరు అని రాసి పంపే రకం.
పదకొండేళ్లుగా చూస్తున్నాను ఇలాంటి గుండెల్ని.
కదపకుండా అడిగితే
"పర్లేదు, బానే ఉన్నా" అంటాయి.
మేస్త్రి అడిగినా కోడలు అడిగినా
శౌరమ్మ చెప్పేదీ అదే.
అందుకే ఈ బెల్టు.

మూడు నిమిషాలకోసారి వాలు పెరుగుతుంది.
మొదటి వాలులో కబుర్లు చెప్పింది:
కోల్డ్ స్టోరేజీలో చలి, కిలోల లెక్కలో మోసం,
మనవడి బళ్లో పోయిన గొడుగు.
రెండో వాలులో మాట సగానికి తెగింది.
మూడోది మొదలయ్యేసరికి
నా మణికట్టు పట్టుకుంది, గట్టిగా.
ఆపమంటారా?
తల అడ్డంగా ఊపింది.
కూలి పనిని మధ్యలో వదిలే అలవాటు లేదు.
డాక్టరే ఆపించారు.

ఇక నా చేతిలో ఒక్క నిమిషం.
దాటితే గుండె సర్దుకుంటుంది,
ముఖం కడుక్కుని కొంగు దులుపుకుని
మళ్లీ బానే ఉన్నానంటుంది.
ఎడమ పక్కకి తిప్పి, పక్కటెముకల సందున జెల్లు పూసి
"ఊపిరి వదలండి, ఆపండి, ఆపండమ్మా"
ఎగసిపడే రొమ్ము కింద
దొరికీ దొరకని కవాటం
దొరికింది.

ముందుకి పోవాల్సిన రక్తం
తలుపు సందులోంచి వెనక్కి చిమ్ముతోంది
పై గది గోడదాకా.
ఊపిరితిత్తుల మీద ఒత్తిడి
ఇందాక ముప్పై నాలుగు.
ఇప్పుడు అరవై ఎనిమిది.

నేనేమీ చెప్పకూడదు. డాక్టరు చెప్తారు.
కానీ తెర ఆవిడ వైపే తిరిగి ఉంది.
"ఆ ఎరుపు నాదేనా?"
మీదే.
"తేజా రంగు," అంది, కొంచెం గర్వంగానే.
కాసేపు చూసి వేలు చాపింది
నీలంలో పసుపూ ఆకుపచ్చా కలగలిసి చెదిరే చోటికి.
"ఇది తాలమ్మా.
ఇది ఈ కుప్పలోది కాదు."

అది గుర్తుపట్టడానికి నాకు రెండేళ్ల కోర్సు పట్టింది.
తల ఎత్తకుండా అంకెలు కొలుచుకున్నాను.

చెప్పులేసుకుంటూ అడిగింది, ఎంత దూరం నడిచానని.
నాలుగు వందల పది మీటర్లు.
"అంతేనా! యార్డు గేటు నుంచి మా షెడ్డు దాకా కూడా కాదే."

మధ్యాహ్నం, తడి చేతుల్తో బాక్సు తెరవబోతూ
మణికట్టుతో కన్ను నులుముకున్నాను.
ఆవిడ వేళ్లు పట్టిన చోట
కారం ఇంకా ఉంది.
సాయంత్రం ఆరు దాకా
ఎడమ కన్ను ఒక్కటే కారింది.
ఏమైందండీ అన్నాడు బల్ల మీద పడుకున్నతను.
పర్లేదు,
బానే ఉన్నా.